బందరు తీరం – మన విహారయాత్రలు

విహారయాత్ర అనగానే బస్సు, పాటలు, ఫోటోలు, దారిలో ఫలహారాలు – ఇంతటితో మన విద్యార్థుల ఊహ ఆగిపోతున్నది. మేము కూడా ఆ ఉత్సాహంతోనే మచిలీపట్నానికి, అక్కడి నుండి కృష్ణా నది సాగరసంగమం వద్ద గల మడ అడవులకు వెళ్ళివచ్చాము. రెండు రోజుల ఆ యాత్ర మాకు ఆనందంతో పాటు కొంత సిగ్గును కూడా మిగిల్చింది. అది ఎందుకో మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉర్దూ, తెలుగు పక్కపక్కన చదువుకునే మనకు ఆ పట్టణం పరాయిది కాదు. ‘మచిలీ’ అంటే చేప అని మన ఉర్దూ మిత్రులకు వేరే చెప్పనవసరం లేదు. ఊరికి ఆ పేరు అలాగే వచ్చిందని పలువురు చెప్పుకుంటారు. జనం నోట నిలిచిన ‘బందరు’ అనే మాట రేవు అని అర్థమిచ్చే పారశీక పదం. కలంకారీలోని ‘కలం’ మనం పరీక్షలు వ్రాసే కలమే. కుతుబ్ షాహీల కాలంలో ఇది గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పారు. ఇక్కడి అద్దకపు వస్త్రాలు ఓడలెక్కి పారశీక దేశానికి, ఐరోపాకు తరలిపోయాయి.

ఇంతటి చరిత్ర గల కోట శిథిలాల వద్ద మేము చేసినదేమిటి? గోడలకు ఆనుకొని ఫోటోలు దిగడం! పిమ్మట గిలకలదిండి రేవులో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను బందరు గొప్పతనం చెప్పమని అడిగాము. ఆయన తల ఎత్తకుండానే, “కోట సంగతి మీ పుస్తకాల్లో ఉంటుంది బాబూ. మడ సంగతి ఉందా?” అన్నాడు. మా వద్ద జవాబు లేకపోయింది.

జవాబు మరునాడు నాగాయలంక మీదుగా వెళ్ళి పడవ ఎక్కినప్పుడు దొరికింది. ఉప్పునీటి బురదలో నుండి మేకుల వలె పైకి పొడుచుకు వచ్చిన వేళ్ళు ఆ చెట్లకు ఊపిరి. ఆ వేళ్ళ నడుమనే రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరుగుతాయి. చేపలు పట్టి తినే నీటిపిల్లికి అదే నివాసం. మత్స్యకారుని వల నిండడానికి మూలం ఈ బురదలోనే ఉన్నది. 1864 నవంబరు నాటి ఉప్పెనలో బందరు ప్రాంతంలో సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. అంతటి కెరటాన్ని మడ పూర్తిగా ఆపలేకపోవచ్చు. కాని దాని వేగాన్ని తగ్గిస్తుంది, తీరపు మట్టిని పట్టి ఉంచుతుంది.

అటువంటి చోట మేము సెల్‌ఫోనులో పాటలు పెట్టి కేకలు వేశాము. కొంగల గుంపు బెదరి లేచిపోయింది. మాలో ఒకరు విసరిన ప్లాస్టిక్ సంచిని పడవవాడు ఏమీ అనకుండా గెడతో దగ్గరకు లాగి పడవలో వేసుకున్నాడు. ఆ మౌనం కంటె కఠినమైన మందలింపు మాకు ఏ తరగతిలోనూ ఎదురు కాలేదు.

విహారంలో కూడా పాఠాలెందుకని కొందరు మిత్రులు అనవచ్చు. తెలిసి చూచినది ఎక్కువ ఆనందమిస్తుందే గాని తక్కువ ఇవ్వదు. కావున కళాశాల కమిటీ వారికి మా విన్నపాలు ఇవి: యాత్రకు ముందు చరిత్ర, జంతుశాస్త్ర అధ్యాపకులచే ఒక్కొక్క ఉపన్యాసం ఏర్పాటు చేయాలి. అడవికి చిన్న చిన్న జట్లుగా పంపాలి. దారి చూపే మత్స్యకారునికి యాత్రానిధి నుండి తగిన పారితోషికం ఇవ్వాలి. రుసుము చెల్లించలేని విద్యార్థి ఇంటివద్ద మిగిలిపోకూడదు. తీసుకువెళ్ళిన చెత్త తిరిగి మనతోనే రావాలి.

బందరులో కొత్త ఓడరేవు పనులు 2023లో ప్రారంభమయ్యాయి. రేవు రావలసినదే, దానితో ఉపాధి పెరగవలసినదే. అయితే ఆ ఊరి ఒక పేరులో రేవు ఉన్నట్లే, మరొక పేరులో చేప ఉన్నది. రేపు అధికారులుగా, ఇంజనీరులుగా అటువంటి తీరాలను గూర్చి నిర్ణయాలు చేయబోయేవారు నేడు మన తరగతులలోనే కూర్చున్నారు. ఆ పెద్దాయన ప్రశ్నకు వారైనా జవాబు చెప్పగలగాలని మా ఆకాంక్ష.