సీటు దొరికింది, పరిశోధన దక్కలేదు

పాలమూరు అనగానే తెలుగువారికి మొదట గుర్తుకొచ్చేది వలస. ముంబయి, పుణె నగరాల నిర్మాణాల్లో మట్టి మోసిన పాలమూరు లేబరు కథ తరతరాలది. ఆ నేలకు 2008లో సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. అదే ఏడాది కరీంనగర్‌లో శాతవాహన, శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయాలు వెలిశాయి. చదువు దగ్గరకు రావడంతో, ఇంట్లో మొదటిసారి పలక పట్టిన దళిత, బహుజన, ఆదివాసీ యువత పీజీ దాటి పరిశోధన గుమ్మం దాకా నడిచింది. ఇది చిన్న మార్పు కాదు. కానీ ఆ నడక గుమ్మం దగ్గరే ఆగిపోతున్నది.

కారణం ప్రతిభ లేకపోవడం కాదు, భృతి లేకపోవడం. నెట్ ఆధారిత ఫెలోషిప్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసేవారికి యూజీసీ నెలకు 8000 రూపాయలు ఇస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల వారికి ఈ పథకం వర్తించదు. 2015లో దీన్ని ఎత్తివేయాలని యూజీసీ నిర్ణయించినప్పుడు విద్యార్థులు ఢిల్లీలో దాని కార్యాలయం ముందు బైఠాయించారు. ఉన్నదాన్ని కాపాడటమే కాక, రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ విస్తరించాలని కోరారు. రద్దు ఆగింది గాని విస్తరణ జరగలేదు.

ప్రతిభ ఉంటే నెట్ రాసి, నెలకు 37,000 రూపాయల జేఆర్‌ఎఫ్ తెచ్చుకోవచ్చు కదా అని కొందరంటారు. భాషా సాహిత్యాలు మినహా ఆ పరీక్ష ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. సర్కారు బడిలో తెలుగు మాధ్యమంలో చదివిన కూలీ బిడ్డ చరిత్రనో సమాజశాస్త్రాన్నో పరాయి భాషలో రాసి నెగ్గాలి. ఆ పరీక్ష కులం అడగదు. కానీ అది అడిగే భాష ఏ ఇళ్లకు ముందుగా చేరిందో మనకు తెలియనిది కాదు.

భృతికి, జ్ఞానానికి ఉన్న బంధాన్ని అంబేద్కర్ జీవితమే చెబుతుంది. 1913లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో. భారతదేశంలో కులాల పుట్టుకపై 1916లో అక్కడ పత్రం సమర్పించేనాటికి ఆయన వయసు పాతికేళ్లు. ఆ వేతనమే లేకుంటే కులంపై అంత పదునైన పరిశీలన అప్పటికి వెలుగు చూసేదా? నేడు మన జిల్లాల్లో అలాంటి ప్రశ్నలు ఎన్ని మోయలేక మధ్యలోనే రాలిపోతున్నాయో లెక్క కట్టేవారు లేరు.

ఇక సమాజసేవ సంగతి. జాతీయ సేవా పథకం కింద విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరంలో పాల్గొనాలి. మొక్కలు నాటడం, వీధులు ఊడ్వడం మంచివే. అయితే ఊరికీ వాడకూ మధ్య గీత ఎక్కడుంది, శ్మశానంలో చోటు ఎవరికి లేదు, అసైన్డు భూమి ఎవరి సాగులో ఉంది అన్న ప్రశ్నలకు ఆ ఏడు రోజుల్లో చోటు ఎక్కడ? చిత్రమేమంటే, వీటికి జవాబు తెలిసినవారు ఆ శిబిరంలోనే చీపురు పట్టుకొని ఉంటారు. వాడ నుంచి వచ్చిన విద్యార్థిని సేవకుడిగా పంపుతున్న విశ్వవిద్యాలయం, అతన్ని సాక్షిగా, పరిశోధకుడిగా గుర్తించడం లేదు.

చేయవలసింది కష్టసాధ్యమేమీ కాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పరిశోధకులందరికీ ప్రభుత్వాలు భృతి ఇవ్వాలి. నెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉండాలి. సేవా శిబిరం వాడ నుంచి మొదలై, అక్కడ సేకరించిన వివరాలు పరిశోధనకు ముడిసరుకు కావాలి. వలస గురించి పాలమూరు బిడ్డ రాయకుంటే, ఆమె గురించి ఇంకెవరో రాస్తారు. అప్పుడు ఆమె మళ్లీ ఒక అంకెగానే మిగులుతుంది.