హార్డ్‌వేర్ షాపులో అంపైర్ బూట్లు

క్రికెట్ అంపైర్‌కి బూట్లతో పెద్ద పని లేదు. రోజంతా నిలబడగలిగితే చాలు. నేను శని, ఆదివారాల్లో చేసే అంపైరింగ్ అది కాదు, సాఫ్ట్‌బాల్. స్కూలు గేమ్స్‌లో ఎన్నాళ్ల నుంచో ఉన్న ఆటే. అయినా మా నందిగామలో ఎవరికైనా చెబితే "టెన్నిస్ బంతితో ఆడతారే, అదా?" అంటారు. కాదండీ, ఆ బంతి పేరుకే సాఫ్ట్. చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 180 నుంచి 200 గ్రాములు. క్రికెట్ బంతి కంటే బరువైనది.

బ్యాటర్ వెనక క్యాచర్ కూర్చుంటుంది. ఆమె వెనక వంగి నిలబడేది నేను. 43 అడుగుల దూరం నుంచి వచ్చే బంతి స్ట్రైకా, బాలా అన్నది అక్కడి నుంచి చూసి చెప్పాలి. ముఖానికి మాస్కు, ఛాతీకి ప్యాడ్, మోకాళ్ల కింద గార్డులు ఉంటాయి. పాదాలకి మాత్రం నేను మామూలు స్పోర్ట్స్ షూ వేసుకునేవాణ్ని. ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు అవే షూతో ఆడాను కదా, అంపైరింగ్‌కి వేరేవి ఎందుకనుకున్నాను.

ఎందుకో ఒక శనివారం తెలిసింది. క్యాచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య సందులోంచి చూడాలి కాబట్టి అంపైర్ కాలు ఒకటి ఎప్పుడూ బయటికే ఉంటుంది. కుడిచేతి బ్యాటర్ అయితే ఎడమ కాలు. బ్యాటు అంచుకి తగిలిన బంతి నేరుగా కిందికి దిగి నా ఎడమ బొటనవేలి మీద పడింది. ఎముక విరగలేదు, గోరు నల్లబడి నెలకి ఊడిపోయింది. బాధ అది కాదు. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఒకమ్మాయికి రెండు స్ట్రైకులు అయ్యాయి. మూడో బంతి కిందగా వస్తోంది. బంతి రాకముందే నా ఎడమ కాలు వెనక్కి పోయింది, కాలుతో పాటు తలా కదిలింది. కళ్లు మూసుకున్నానేమో కూడా. "స్ట్రైక్" అనేశాను. ఆ పిల్ల అవుట్, మ్యాచ్ అయిపోయింది. ఏమీ అనలేదు, నా వంక ఒకసారి చూసి బ్యాటు తీసుకుని వెళ్లిపోయింది. బంతి మోకాలి కిందనుంచి పోయిందని నాకు అనుమానం. అనుమానమేంటి, తెలుసు.

జగ్గయ్యపేట వెళ్లినప్పుడు నాన్నకి గోరు చూపించాను. మా వైపు నేల కింద ఉన్నదంతా సున్నపురాయి, అందుకే అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు. నాన్న అలాంటి ఒక ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరయ్యారు. "ఒరేయ్, అటక మీద నా సేఫ్టీ బూట్లు కొత్త జత ఉంది. పెట్టెలోంచి కూడా తియ్యలేదు, పట్టుకుపో" అన్నారు. ముందు ఇనప టోపీ, తోలు నిగనిగలాడుతోంది. ఇద్దరిదీ ఒకటే సైజు.

మూడో ఇన్నింగ్స్‌లో అడుగు ఊడింది. ఊడటం కాదు, బెల్లం ముక్కలా పొడిపొడిగా రాలింది. రెండు టీములూ కలిసి నవ్వింది ఆ మ్యాచ్‌లో అదొక్కసారే. తర్వాత చదివితే తెలిసింది, ఈ బూట్ల అడుగు చాలావరకు పాలీయురేథేన్. గాలిలో తేమ దాన్ని లోపల్నుంచి నెమ్మదిగా విరగ్గొడుతుంది. వాడకుండా దాచినా అంతే. కాబట్టి సేఫ్టీ బూట్లు కొనేటప్పుడు ధర కంటే ముందు బూటు మీద అచ్చేసిన తయారీ నెల, సంవత్సరం చూడండి. పాత స్టాకు సగం ధరకిచ్చినా వద్దు.

ఇక కొత్తవి. అమెరికాలో ప్లేటు అంపైర్ల కోసమే బూట్లు అమ్ముతారు. ఇక్కడ స్పోర్ట్స్ షాపుల్లో అడిగితే క్రికెట్ స్పైకులు చూపించారు. చివరికి జగ్గయ్యపేటలోనే హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాను. హెల్మెట్లు, గ్లోవ్స్ మధ్య వేలాడుతున్నాయి.

"క్వారీవాళ్లు కొంటారు, వెల్డర్లు కొంటారు. అంపైర్‌ని చూడ్డం ఇదే" అన్నాడు షాపు బాబాయ్. "కాస్త బిగుతుగా తీసుకో, వాడగా వాడగా సాగుతుంది."

"తోలు సాగుతుంది బాబాయ్, ఇనుము సాగదుగా."

అందుకే సాయంత్రం వెళ్లాలి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. మ్యాచ్‌లో వేసుకునే మందం సాక్సులే తొడుక్కోవాలి. నేనైతే షాపులోనే ప్లేటు వెనక వంగినట్టు ఇరవైసార్లు వంగి లేచాను. ఒక మ్యాచ్‌లో రెండొందలసార్లు వంగేవాడికి అసలు పరీక్ష అదే. వేళ్లు మడిచేచోట ఇనప టోపీ అంచు కోసుకుంటే ఎంత మంచి బూటైనా పనికిరాదు. మొదటి రెండు జతలు అలాగే పోయాయి. మూడోది కుదిరింది. బాబాయ్ విసుక్కోలేదు, టీ కూడా తెప్పించాడు.

బలం సంగతి కాగితం మీద లెక్కేశాను, చదివిన చదువు ఊరుకోదు కదా. 200 గ్రాముల బంతి గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చినా శక్తి 80 జౌళ్లు దాటదు. స్కూలు పిల్లల బంతికి అంత వేగం ఎక్కడిది? ఐఎస్ 15298 రెండో భాగం ప్రకారం తయారైన బూటు ముందుభాగాన్ని 200 జౌళ్లతో పరీక్షిస్తారు. ఆ పరీక్ష బరువు పడేసి చేసేది, బంతితో కాదు. అయినా వేళ్లకి బెంగ లేదు.

బెంగంతా లేసుల దగ్గరే. ఇనప టోపీ వేళ్ల వరకే ఉంటుంది, పాదం మీది సన్నటి ఎముకలకి అడ్డం తోలొక్కటే. దానికీ కవచం ఉన్న బూట్లు ఫౌండ్రీల్లో వాడతారు. బాబాయ్ దగ్గర లేవు. నందిగామలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర పాత కన్వేయర్ బెల్టు ముక్క ఉంటే, లేసుల మీదికి నాలుకలా కోసి కుట్టించాను. చూడ్డానికి బాగోదు. నల్లరేగడి తడిస్తే ఒక్కో బూటుకీ అరకిలో బురద పట్టుకుంటుంది, రెండో మ్యాచ్‌కి పిక్కలు లాగేస్తాయి. స్పోర్ట్స్ షూ అంత సుఖం దీన్లో రాదు, ఆశపడకండి.

పోయిన ఆదివారం బంతి సరిగ్గా ఆ బెల్టు ముక్క మీదే పడింది. టప్‌మని చప్పుడైంది. క్యాచర్ వెనక్కి తిరిగి "సార్, కాలు?" అంది. "ఉందమ్మా, ఆడండి" అన్నాను. తర్వాతి బంతికి కాలు కదల్లేదు.

ఆ రోజు అవుటిచ్చిన అమ్మాయి టీమ్ మళ్లీ నా మ్యాచ్‌కి రాలేదు. వేసవి టోర్నమెంటుకి వస్తారంటున్నారు.