బొమ్మ కింద పేరు

పిల్లల సైన్సు పుస్తకంలో డార్విన్ పాఠం మీరూ చూసే ఉంటారు. ఆయన 1831 నుంచి 1836 దాకా బీగిల్ అనే ఓడలో లోకం చుట్టి వచ్చాడు. అప్పట్లో కెమెరాలు లేవు కదా, అందుకని బొమ్మలేయడానికి ఒక చిత్రకారుణ్ణి కూడా ఎక్కించుకున్నారు. మొదటాయన అగస్టస్ ఎర్ల్ కు ఒంట్లో బాగుండక దిగిపోతే, 1833లో కాన్రాడ్ మార్టెన్స్ వచ్చాడు. ఇద్దరి పేర్లూ చరిత్రలో నిలిచాయి.

మరి మన దగ్గర మొక్కల కోసం అడవులు, కొండలు తిరిగిన దొరలకు బొమ్మలేసి పెట్టిందెవరు? మనవాళ్లేనండీ! సామర్లకోటలో ఉన్న రాక్స్ బర్గ్ దొర కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. రస్సెల్ దొర విశాఖపట్నం చేపల పుస్తకం 1803లో వచ్చింది. అందులో 200 చేపలు. గీసిన మనవాళ్ల పేర్లు మాత్రం లేవు. మా ఇంట్లో నిర్మల్ పొనికి కర్ర బొమ్మ ఉంది, తిప్పి చూస్తే దాని మీదా లేదు.

రాబర్ట్ వైట్ అనే డాక్టరు దొర మాత్రం అలా చేయలేదు. 1819లో మన దేశానికి వచ్చి మద్రాసు, నాగపట్నం, కోయంబత్తూరుల్లో ఉంటూ మొక్కలు సేకరించాడు. ఆయన దగ్గర పనిచేసిన చిత్రకారులు రంగయ్య, ఆ తర్వాత గోవిందు, ఇద్దరూ తెలుగువాళ్లే.

ఆ పని ఎంత కష్టమో తెలియాలంటే మునగపువ్వు కోసి గట్టు మీద పెట్టి చూడండి. పప్పు ఉడికేలోపే వాడుతుంది. వాళ్లు ఆ లోపలే రంగు పట్టుకోవాలి. ఆకు ఈనెలు ఎట్లా ఉన్నాయి, పువ్వు విప్పితే కేసరాలెన్ని, కాయ కోస్తే గింజలు ఎన్ని వరసలు, అన్నీ పక్కనే పెద్దవి చేసి వేయాలి. అందం కోసం ఒక్క రేకు ఎక్కువేసినా శాస్త్రం తప్పుతుంది. ముగ్గులో చుక్క తప్పితే మనం సర్దుకుంటాం, అక్కడ కుదరదు.

తర్వాత అచ్చు. నున్నటి రాతి మీద జిడ్డు సిరాతో గీసి, నీళ్లతో తడిపి రంగు పూస్తే జిడ్డున్న చోటే అంటుతుంది. నూనె, నీళ్లు కలవవని మనకు వేరే చెప్పాలా! అలా మద్రాసులో 1838 నుంచి 1853 వరకు అచ్చయిన ఒక్క పుస్తకంలోనే 2101 బొమ్మలున్నాయి. వాటిలో ఎన్నింటి కిందో రంగయ్య పేరు, తర్వాత గోవిందు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి.

అంతేకాదు, 1853లో ఒక ఆర్కిడ్ పూల జాతికి వైట్ 'గోవిందూయియా' అని పేరు పెట్టాడు. జీతానికి పనిచేసే మనిషి పేరు ఒక పువ్వుకు! తర్వాత వచ్చిన శాస్త్రజ్ఞులు దాన్ని వేరే జాతిలో కలిపేశారు, నాకైతే మనసు చివుక్కుమంది. కానీ ఆ చిత్రాలు ఎడిన్ బరోలోని వృక్షోద్యానంలో భద్రంగా ఉన్నాయి. వాటి మీద 2007లో హెన్రీ నోల్టీ రాసిన పుస్తకం అట్ట మీద వైట్ పేరు పక్కనే రంగయ్య, గోవిందు పేర్లూ అచ్చయ్యాయి.