వేగాన్ని శివారులో కొలవాలి



"100 ఎంబీపీఎస్ వేగం" అనే ప్రకటనను మీరు ఏదో ఒక గోడమీద చూసే ఉంటారు. అంకె పెద్దదే. కాని అందులో ఎంత మన ఇంటికి చేరుతుందో ఆ ప్రకటన చెప్పదు. ఈ వ్యాసంలో పాత డయల్-అప్ మోడెమ్ వేగాన్నీ, ఆప్టికల్ ఫైబర్ వేగాన్నీ పోల్చి చూద్దాం. ఈ పోలిక ద్వారా నేను చెప్పదలచినది ఒక్కటే: వేగాన్ని తీగ బయలుదేరే చోట కాదు, చేరవలసిన చివరి ఇంటి దగ్గర కొలవాలి.

ముందుగా ఇక్కడ వేగమంటే ఏమిటో తెలుసుకుందాం. రాగితీగలోనైనా గాజుతీగలోనైనా సంకేతం రెప్పపాటులో దేశం దాటుతుంది. కాబట్టి ఇక్కడ వేగమంటే పరుగు కాదు. ఒక సెకనులో ఎంత సమాచారం చేరుతుందన్నదే వేగం. పొలానికి నీరు పెట్టేవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. నీరు ఒకే వడిలో పారినా, చిన్న తూము తడపగలిగే చేను వేరు, పెద్ద కాలువ తడపగలిగే చేను వేరు.

సమాచారానికి అతి చిన్న ప్రమాణం బిట్. ఎనిమిది బిట్లు ఒక బైట్. వేగాన్ని బిట్లలోనూ, ఫైలు పరిమాణాన్ని బైట్లలోనూ చెబుతారు. ఈ తేడా మరిచిపోతే మన లెక్క ఎనిమిది రెట్లు తప్పుతుంది.

మన దేశంలో ఇంటర్నెట్ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పుడు ఇళ్లకు ఉన్న దారి టెలిఫోను తీగ ఒక్కటే. ఆ ఏర్పాటు మనిషి గొంతు కోసం చేసినది. సుమారు 300 నుండి 3,400 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న ధ్వనులకే అందులో చోటు. మోడెమ్ కంప్యూటరు అంకెలను అలాంటి ధ్వనులుగా మార్చి పంపేది. 1998లో వచ్చిన వి.90 ప్రమాణం ప్రకారం కూడా గరిష్ఠ వేగం సెకనుకు 56 కిలోబిట్లు మాత్రమే.

ఆప్టికల్ ఫైబర్ వెంట్రుకంత సన్నని గాజు తంతువు. అందులో కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ, బయటికి పోకుండా ముందుకు సాగుతుంది. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్‌లో హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలిసి, ఇలాంటి తంతువుల కట్ట గుండా బొమ్మను పంపవచ్చని 1954లో ప్రకటించారు. గాజును తగినంత శుద్ధి చేస్తే కాంతితో చాలా దూరం సమాచారం పంపవచ్చని 1966లో వివరించిన చార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి లభించింది.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. 5 మెగాబైట్ల పాఠం ఒకటి మీకు కావాలి. అంటే 40 మెగాబిట్లు, లేదా 40,000 కిలోబిట్లు. సెకనుకు 56 కిలోబిట్లు వస్తే సుమారు 12 నిమిషాలు పడుతుంది. సెకనుకు 100 మెగాబిట్లు వస్తే అర సెకను కూడా పట్టదు. తేడా దాదాపు 1,800 రెట్లు!

అయితే ఇది కాగితం మీది లెక్క. నా కాలేజీ రోజుల్లో పరీక్షా ఫలితాల కోసం ఒక ఇంటర్నెట్ కేంద్రం ముందు వరుసలో నిలబడ్డాను. మోడెమ్ పెట్టె మీద 56 అని ఉంది. కాని టెలిఫోను తీగలో గరగర. పైగా ఆ ఒక్క కనెక్షన్‌నే నాలుగు కంప్యూటర్లు పంచుకుంటున్నాయి. నా వంతు వచ్చేసరికి చీకటి పడింది. పెట్టె మీది అంకె అబద్ధం కాదు, నాకు అందినదే వేరు.

ఫైబర్ విషయంలోనూ ఇదే జరగవచ్చు. సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ చేర్చే పథకానికి 2011లో ఆమోదం లభించింది. అదే నేటి భారత్‌నెట్. ఇది గొప్ప ప్రయత్నమే. కాని పంచాయతీ కార్యాలయానికి తీగ వచ్చినంత మాత్రాన ఊరి చివరి ఇంటికి వచ్చినట్లు కాదు. కాలువకు నీరు వదిలారనే వార్త విని శివారు రైతు నారు పోయడు. తన బోదెలోకి నీరు వచ్చిందో లేదో చూసుకుంటాడు.

"చేతిలో ఫోను ఉంది కదా, చదువుకునేవారికి ఇంకా వేగం ఎందుకు?" అని కొందరు అడుగుతారు. పగలంతా పనిచేసి రాత్రి పుస్తకం పట్టే మీకు దొరికేది గంటో గంటన్నరో. అందులో అరగంట పాఠం తెరుచుకోవడానికే పోతే, నష్టపోయింది తీగ కాదు, మీ చదువు. దరఖాస్తుకు చివరి తేదీ రాత్రి ఆ పుట తెరుచుకోకపోతే ఒక సంవత్సరమే పోవచ్చు.

2004 విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనేవారు. 2023లో ఆ కనీస వేగాన్ని 2 మెగాబిట్లకు పెంచారు. ఆ కనీసం మీ ఇంట్లో అందుతున్నదా అని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

మీరే చేసి చూడండి: ఒక పాఠాన్ని సాయంత్రం డౌన్‌లోడ్ చేయండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. మెగాబైట్లను 8తో గుణించి, ఆ సెకన్లతో భాగించండి. వచ్చినదే మీ ఇంటి వేగం. దాన్ని ప్రకటనలోని అంకె పక్కన రాసి, తేడా ఎందుకు వచ్చిందో సేవ అందించేవారిని అడగండి.