పాత ఉకులేలే నమ్ముటయు మేలైనది కొనుటయు

నాలుగు పాటలు పట్టుపడినంతనే తమ ఉకులేలే నమ్మివేసి, అంతకంటె పెద్దదియు ఖరీదైనదియు కొనిపెట్టుడని తలిదండ్రులను వేధించు విద్యార్థులు కొందఱు కలరు. ఈ కోరికను మేము తప్పుపట్టము. చేయి తిరిగినకొలది చెవియు పదునెక్కును. చెవి పదునెక్కినవానికి చౌకవాద్యము ములుకువలె గుచ్చును. అయినను అమ్ముటకు ముందు తేల్చుకొనవలసిన సంగతి యొకటి కలదు. లోపము వాద్యమునందున్నదా, తంత్రులయందున్నదా?

నాలుగు నైలాను తంత్రులును అరిగి, మెట్లు తాకుచోట నొక్కులు పడియుండగా, దోషమును వాద్యముపై మోపుట న్యాయము గాదు. ముందుగా క్రొత్త తంత్రులు వేయవలెను. అవి కొన్నాళ్లు సాగుచుండును గనుక ప్రతిదినము శ్రుతిచేయుచు ఓపికపట్టవలెను. పిమ్మట ఒక్కొక్క తంత్రిని ఉత్తగా మీటి, మఱల దానినే పండ్రెండవ మెట్టుకడ నొక్కి మీటి చూడవలెను. రెండవ స్వరము మొదటిదానికి సరిగా పైస్థాయిలో పలికినచో ఆ వాద్యము మంచిదే. ఇంకను కొంతకాలము దానిపై నేర్వవచ్చును. క్రొత్త తంత్రులతోను హెచ్చుతగ్గులుగా పలికినచో మెట్లో, గుఱ్ఱమో తప్పుగా అమర్పబడినవనుకొనవచ్చును. అట్టిదానికి ఎంత శ్రుతిచేసినను కుదురదు.

పెద్దదే మేలైనదని తలంచువారు ఈ వాద్యము పుట్టుక నెఱుగవలెను. 1879లో రేవెన్స్‌క్రాగ్ అను నోడపై మదీరా ద్వీపమునుండి హవాయికి వచ్చిన పోర్చుగీసువారిలో మాన్యుయెల్ నూనెస్, ఔగుస్తో డియాస్, జోసే దో ఎస్పిరితో సాంతో అను మువ్వురు కొయ్యపనివారుండిరి. వారు తమ దేశపు చిన్న తంత్రీవాద్యమును అనుసరించి, అచటి కోవా చెక్కతో చేసి అమ్మినదే ఉకులేలే. 1915లో శాన్ ఫ్రాన్సిస్కో మహాప్రదర్శనమున జనులను మురిపించి, అమెరికాయందంతటను వ్యాపించినదియు ఆ చిన్నదే. కాన్సర్టు, టెనారు అను పెద్ద పరిమాణములు ఆ తరువాతివి. సొప్రానోకు తంత్రి పొడవు సుమారు 13 అంగుళములు, కాన్సర్టుకు 15, టెనారుకు 17. పొడవు పెరిగినకొలది మెట్ల నడుమ ఎడము పెరుగును; చిన్నపిల్లల వ్రేళ్ల కది సుఖము గాదు.

ఖరీదు హెచ్చినదానికి తఱచుగా పొరల చెక్కకు మాఱు ఏకఖండపు పలకతో చేసిన పైభాగముండును. దాని నాదము నిండుగా నుండుట నిజము. రోహిణీకార్తె యెండలలో బీటలువాఱు భయము హెచ్చుగా నున్నదియు దానికే. వాద్యమును పెట్టెలో పెట్టక కిటికీకడ వ్రేలాడదీయు విద్యార్థికి పొరల చెక్కయే తగినది. ఈ మాట దుకాణములో చెప్పెడివారు తక్కువ.

ఇక మా అసలు తగవు అమ్మకమును గూర్చినది. నేర్చుకొనువానికి ఏదైనను చాలునని చెప్పి, శ్రుతి నిలువని వాద్యమును క్రింది తరగతి పిల్లవానికి అంటగట్టుటను మేమంగీకరింపము. ఆఱితేఱినవాడు చెడ్డ వాద్యమును నిమిషములో గుర్తుపట్టి ప్రక్కన పెట్టును. క్రొత్తవాని కది తెలియదు. ఉపాధ్యాయుడు చూపినట్లే వాడు నొక్కును. అయినను అపస్వరమే వచ్చును. తోడివారు నవ్వుదురు. తనకు చెవి లేదని, సంగీతము తనకు రాదని వాడు నిశ్చయించుకొని మానివేయును. తప్పు కొయ్యది, శిక్ష పిల్లవానికి. కొన్ని వందల రూపాయల కొఱకు ఇంత హాని చేయవచ్చునా?

పాతదానికి సగము ధరయైనను రాకున్న క్రొత్తదెట్లు కొనగలమని అడుగు తలిదండ్రులున్నారు. వారి యిబ్బంది నిజమైనదే. కాని పాతవాద్యము కొనవచ్చువాడు తఱచుగా అమ్మువానికంటె బీదవాడు. మన నష్టమును వాని కుటుంబముపైకి త్రోయుటకంటె, క్రొత్తదానిని మఱియొక యేడు ఆపుకొనుట మేలు. పరీక్షలో తప్పిన వాద్యమును ఏ వెలకును ప్రథమాభ్యాసి కమ్మరాదని మా అభిప్రాయము.

మంచిదైన పాతవాద్యము నమ్ముటకు అడ్డేమియు లేదు. అమ్మువారు తంత్రులు మార్చిన తేదిని, జాఱు బిరడ యేదో, అతికించిన బీట యెక్కడనో ఒక కాగితముపై వ్రాసి పెట్టెలో నుంచవలెను. కొనువాని యెదుటనే నాలుగు తంత్రులను పండ్రెండవ మెట్టుకడ మీటి చూపవలెను. ధర ఆ పిమ్మట మాటలాడుకొనవచ్చును.