దండెం మీది డైపర్

ధర్మపురిలో ఒక బీడీ కార్మికురాలి ఇంటి ముందు దండెం మీద డైపర్ ఆరేసి ఉండగా చూశాను. ఒకసారి వాడి పారేయడానికి తయారైన వస్తువది. దాన్ని ఎండబెట్టి మళ్ళీ పాపకు తొడుగుతున్నారు. "పారేస్తే పది రూపాయలు పోయినట్టే గదక్కా" అన్నదామె. ఎనిమిది నెలల పాప తొడలు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

నిజం చెప్పాలంటే నాకు ముందు కోపం వచ్చింది. డైపర్లంటే నాకు మొదట్నించీ పడదు. అవి కంపెనీలు మనకు అంటగట్టిన అవసరమనీ, మా పిల్లలను నూలుగుడ్డల మీదే పెంచామనీ సభల్లో చెప్పుకున్నదాన్ని. "పాత చీర చింపి వాడరాదా?" అని సలహా ఇచ్చాను. ఆమె మాట్లాడకుండా లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చి నా ముందు తెరిచింది. అందులో ఒక్క నూలు చీర లేదు. "అన్ని పాలిస్టర్ చీరెలేనక్కా. ఉచ్చ వోస్తే జారిపోతది గని గుడ్డ గుంజది. మా అత్త నూలుచీరె ఒక్కటుండె, అది పెద్దపిల్లకే అయిపోయింది."

ఆదిలాబాద్ పత్తికి పేరుపడిన ప్రాంతం. ఇటు సిరిసిల్ల చీరలు నేసే ఊరు. కానీ సిరిసిల్ల మరమగ్గాల మీద ఆడేది ఎక్కువగా పాలిస్టరే. బతుకమ్మ పండుగకని 2017 నుండి 2023 దాకా ప్రభుత్వం పంచిన చీరలూ ఎక్కువగా ఆ మగ్గాల మీంచి వచ్చినవే. నేతకార్మికులకు పని దొరికింది, కాదనను. కానీ పత్తి పండే నేల మీద పసిబిడ్డ కింద పరవడానికి మెత్తటి పొత్తిగుడ్డ కరువైంది. చీర చవకైంది, పాతచీర మాయమైంది. ఈ నష్టం ఏ పేదరికపు సర్వేలోనూ లెక్కకు రాదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నా పిల్లలను పెంచిన ఆ నూలుగుడ్డలు మా అమ్మ చీరలవి. రోజూ వాటిని ఉతికింది మాత్రం నేను కాదు, మా ఇంట్లో పనిచేసిన ఆవిడ. నా పర్యావరణ స్పృహ ఆమె చేతుల మీద నడిచింది.

బీడీలు చుట్టే తల్లికి అలాంటి చేతులెవరివి? చంటిపిల్ల రోజుకు ఎనిమిది పదిసార్లు తడుపుతుంది. తడిపిన ప్రతిసారీ ఒళ్ళోని చాట దించాలి, తంబాకు అంటిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి, బిడ్డను తుడవాలి, గుడ్డ మార్చాలి, తడిగుడ్డ పిండి ఆరేయాలి. వానాకాలంలో అది ఎండదు. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు గనక బిడ్డ కోసం లేచిన ప్రతి నిమిషం కూలిలోంచే కోసుకుపోతుంది. లేవకపోతే బిడ్డ తడిలోనే ఉంటుంది. లేచి చేతులు కడగడం మరిస్తే ఆ పొగాకు పొడి బిడ్డ ఒంటికి అంటుతుంది. ఈ ఇంట్లో భర్త దుబాయిలో ఉన్నాడు. లెక్క పూర్తికాని రోజు పెద్దపిల్ల బడి మానేసి చెల్లెలిని చూసుకుంటుంది. తొమ్మిదేళ్ళ పిల్ల.

బీడీ కార్మికుల కోసం 1966లో వచ్చిన చట్టం, ఆడవాళ్ళు ఎక్కువమంది పనిచేసే కార్ఖానా ఆవరణలో పిల్లలకు గది ఉండాలంది. యజమానులు పనిని ఇళ్ళకు పంపారు. ఇల్లే కార్ఖానా అయింది, పిల్లల గది లేకుండా పోయింది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి 50 మంది ఉన్న సంస్థల్లో శిశుసంరక్షణ కేంద్రం తప్పనిసరి చేసినప్పుడూ ఈ వాకిలి ఎవరికీ గుర్తు రాలేదు. అంగన్‌వాడీలో కూర్చోబెట్టేది మూడేళ్ళు నిండిన పిల్లలను. అంతకన్నా చిన్నవాళ్ళకు బాలామృతం పొట్లం ఇంటికిస్తారు. సరిగ్గా గుడ్డలు తడిపే వయసులోనే బిడ్డ భారమంతా తల్లి ఒక్కతి మీద పడుతుంది.

2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనె, దోమతెరతోపాటు డైపర్లు కూడా పెట్టారు. దాన్ని ఓట్ల సంచి అన్నవాళ్ళున్నారు. నేనలా అనను. పసిబిడ్డ తడిగుడ్డ ప్రభుత్వ విషయమేనని దానితో ఒప్పుకున్నట్టయింది. అయితే ఆ సంచి సర్కారు దవాఖానలో కాన్పయిన వారికే, అదీ మూడు నెలల అవసరానికే. బిడ్డ తడపడం రెండేళ్ళు పైగా సాగుతుంది.

మన సంగతేమిటి? శానిటరీ ప్యాడ్ల మీద పన్ను తీసేయాలని పోరాడాం, 2018 జూలైలో తీసేశారు. పసిపిల్లల డైపర్ల మీద 12 శాతం అలాగే ఉండిపోయింది. 2025 సెప్టెంబరులో గాని అది 5 శాతానికి దిగలేదు. మధ్యలో ఆ ఏడేళ్ళూ మన సంఘాల నుండి దాని మీద ఒక్క కరపత్రం వచ్చినట్టు నాకు గుర్తులేదు. బహిష్టు మన శరీరపు హక్కయింది. బిడ్డ గుడ్డలు మాత్రం మాతృత్వం ఖాతాలోనే ఉండిపోయాయి.

ఇది మన పేదరికపు గొడవే అనుకోనక్కరలేదు. అమెరికాలో న్యూహేవెన్ తల్లుల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో సుమారు 30 శాతం మంది చాలినన్ని డైపర్లు కొనలేమన్నారు. అక్కడ పేదలకిచ్చే ఆహార సాయంతో డైపర్లు కొననివ్వరు. డైపర్లు తెమ్మని శిశుకేంద్రాలు అడుగుతాయి. అవి తేలేకపోతే బిడ్డను దింపలేరు, పనికి పోలేరు. అందుకే అక్కడ డైపర్ బ్యాంకులు వెలిశాయి. వాటిని తక్కువచేసి చూడను గానీ, పంచిన ప్యాకెట్టు అయిపోయాక మళ్ళీ చేయి చాచాల్సిందే.

మన దగ్గర మహిళా సంఘాలు సర్కారు బడి పిల్లల యూనిఫారాలు కుడుతున్నాయి. అదే కుట్టుమిషన్ల మీద నూలు లంగోటీలు కుట్టి, కాన్పయిన ప్రతి ఇంటికీ రెండు డజన్లు ఎందుకివ్వకూడదు? పత్తి ఇక్కడిదే, చేతులూ ఇక్కడివే. బీడీ వాడకట్టుకొక శిశుకేంద్రం, మూడేళ్ళలోపు వాళ్ళకు, ఆయాకు జీతంతో. దీని ఖర్చులో బీడీ కంపెనీలకు వాటా ఉండాలి. రాత్రికీ, ప్రయాణానికీ, ముసురు రోజులకూ కొన్ని డైపర్లు కూడా ఇవ్వాలి.

డైపర్లంటే గోదావరి ఒడ్డున ప్లాస్టిక్ గుట్టలేనని మిత్రులు అభ్యంతరం చెప్తారు. వాళ్ళ మాట అబద్ధం కాదు. డైపర్‌తో పాటు చుట్టి పారేసే సంచి కూడా తయారీదారే ఇవ్వాలని 2016 చెత్త నిర్వహణ నిబంధనల్లోనే పెట్టారు. ముందు ఆ కంపెనీలను నిలదీద్దాం. రాత్రి నిద్ర కోసం ఒక్క డైపర్ కొన్న తల్లిని కాదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు మా ఇంట్లోని పాత నూలుచీరలు నాలుగు పట్టుకెళ్ళాను. సంతోషంగా తీసుకున్నది, అక్కడే కూర్చుని రెండు చింపింది కూడా. తర్వాత కాస్త మొహమాటంగా అన్నది: "పగటికి ఇవి మంచిగున్నయక్కా. రాత్రికి మాత్రం డైపరే గావాలె. తెల్లారి నాలుగు గొట్టంగ లేసి ఆకు కత్తిరించాలె నేను."