గడువు లేని ‘వంగొద్దు’

డాక్టరు రాసిచ్చే చీటీలో ప్రతి మాత్రకూ లెక్కుంటుంది. ఇది ఐదు రోజులు, అది పది రోజులు, పొద్దున ఒకటి, రాత్రికి ఒకటి. చీటీ చేతికిస్తూ నోటితో చెప్పే మందు ఇంకొకటి ఉంది: ‘వంగొద్దు, బరువులెత్తొద్దు, కింద కూర్చోవద్దు.’ ఇది ఎన్నాళ్లు వాడాలో ఎవరూ చెప్పరు. మాత్రలు అయిపోతాయి. కొత్తగా పట్టేసిన నడుము చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఆ మాట మాత్రం ఏళ్లకేళ్లు ఒంట్లో ఉండిపోతుంది. నడుము నొప్పితో మూలన పడ్డవాళ్లలో చాలామందిని కట్టిపడేసింది నొప్పి ఒక్కటే కాదు, గడువు చెప్పని ఈ నిషేధం కూడా.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంగి బతికే ఊళ్లు. నేతగాడు గుంత మగ్గంలో కాళ్లు దించి ముందుకు వాలాల్సిందే. నాపరాయి గనిలో బండ లేవాలంటే ముందు మనిషి వంగాలి. చీనీ కాయలు తట్టకెత్తినా, అరటి గెల భుజానికెత్తినా, శనగ చేలో కలుపు తీసినా భారం నడుము మీదే. ప్రొద్దుటూరులో నగ చేసే పనివాడు రోజంతా కూర్చున్నచోటే తల వంచుకుని ఉంటాడు. ఇలాంటి చోట నడుము పట్టేయడంలో ఆశ్చర్యం లేదు. పట్టు వదిలాక కూడా మనిషి కొయ్యబారినట్టే నడవడం, చెప్పుల కోసం వంగాలన్నా గోడ పట్టుకోవడం, ‘వంగాకు మా, మళ్లా పట్టుకుంటాది’ అని ఇంటిల్లిపాదీ కాపలా కాయడం, ఆలోచించాల్సిన సంగతి ఇదీ.

ఈ భయానికి 1990లో అమెరికా నిపుణులు కైనీసియోఫోబియా అని పేరు పెట్టారు. కదిలితే దెబ్బ తగులుతుందేమోనన్న భయం. దాన్ని కొలవడానికి 17 వాక్యాల ప్రశ్నావళి ఉంది, టాంపా స్కేలు అంటారు. కనిష్ఠం 17, గరిష్ఠం 68 మార్కులు. ఇక్కడ మార్కులు పెరిగేకొద్దీ భయం పెరిగినట్టు. ఆ భయం పనిచేసే తీరును 2000లో వ్లాయెన్, లింటన్ అనే ఇద్దరు పరిశోధకులు వివరంగా రాశారు. నొప్పి వచ్చింది, ఏదో తెగిపోయిందనుకున్నాం, కదలడం మానేశాం. మానేసేసరికి కండ సడలింది, చిన్న పనికే నొప్పి మొదలైంది. ‘చూశావా, నేను చెప్పలా’ అంటుంది భయం. వంగి చూస్తేనే కదా వంగితే ఏమీ కాదని తెలిసేది! వంగనివాడికి ఆ సంగతి తెలిసే దారే లేదు.

ఈ భయానికి కాగితం మీద సాక్ష్యం దొరికేది స్కానింగ్ సెంటర్లో. కడపకో తిరుపతికో పోయి ఎమ్మారై తీయించుకుని వచ్చినవాళ్ల నోట వినే మాటలు మనకు కొత్తవి కావు. డిస్కు జరిగిందంట, ఎముకల మధ్య గ్యాపు వచ్చిందంట, నరం నలిగిందంట. ఆ రోజు నుంచి మనిషి తన నడుమును గాజుసామానులా మోస్తాడు. 1994లో అమెరికాలో నడుము నొప్పి అసలే లేని 98 మందికి ఈ స్కానే తీశారు. 52 శాతం మందికి ఒక డిస్కు అయినా ఉబ్బి కనిపించింది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. వయసుతో తల నెరిసినట్టే డిస్కూ అరుగుతుంది. రిపోర్టు ఇచ్చేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

మంచం మీద పడుకోబెట్టే వైద్యానికి కూడా కాలం చెల్లి చాలా ఏళ్లయింది. డాక్టరు రెండు రోజుల విశ్రాంతి చెప్పిన రోగులు, ఏడు రోజులు చెప్పిన రోగుల కంటే 45 శాతం తక్కువ పనిదినాలు పోగొట్టుకున్నారని 1986లోనే తేలింది. 1995లో హెల్సింకి నగర ఉద్యోగులను పరీక్షిస్తే, ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులు చేసుకున్నవాళ్లే అందరికంటే త్వరగా కోలుకున్నారు. దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ వద్దని, వ్యాయామం, అవగాహన మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. మన మందుల షాపుల్లో బెల్టులు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

‘కూలోనికి భయమెక్కడిది సామీ, పోకుంటే పొయ్యి వెలగదు’ అనేవాళ్లుంటారు. నిజమే. పొద్దున సూది వేయించుకుని పనికి పోయి, సాయంత్రం మంచం దిగనివాడు భయం లేనివాడని ఎలా అనగలం? కొందరు ఏకంగా మగ్గమే అమ్ముకుంటారు. ఇంకోవైపు, ‘నీకేం లేదు, అంతా మనసులోనే’ అని గని యజమాని ఈ శాస్త్రాన్ని తనకు అనుకూలంగా తిప్పుకోకూడదు. నొప్పి నిజం. ఒక్కడు ఎత్తలేని బండకు ఇద్దరిని పెట్టాల్సిందే. భయపడేవాడు పిరికివాడు కాదు, డాక్టరు చెప్పిన మాట విన్నవాడు.

భయపడాల్సిన సందర్భాలూ ఉన్నాయి. మూత్రం, విరేచనం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం వాలిపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. జ్వరం, బరువు తగ్గడం తోడైనా, గతంలో క్షయ, క్యాన్సర్ ఉన్నా, పెద్ద దెబ్బ తగిలాక నొప్పి మొదలైనా ఆలస్యం చేయొద్దు. ఇవేవీ లేవని డాక్టరు తేల్చాక, ‘ఇక కదులు’ అని కూడా ఆయనే చెప్పాలి. ఈ ప్రాంతంలో డాక్టరు మాటకున్న బలం మామూలుది కాదు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, 1973లో పులివెందులలో ఆసుపత్రి పెట్టిన వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి దాకా ఎదిగారు. అంత నమ్మకమున్న నోటి నుంచి వచ్చే నిషేధానికి ఒక తేదీ ఉండాలి: ఈ వారం బరువు వద్దు, వచ్చే వారం నుంచి ఇంత నడక, ఆపై వారం వంగడం.

నడక ఖర్చులేని వైద్యం. నడుము నొప్పి నుంచి కోలుకున్న 701 మందితో ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనం 2024లో లాన్సెట్‌లో వచ్చింది. ఫిజియోథెరపిస్టు సలహాతో మెల్లగా నడక పెంచుకున్నవాళ్లలో సగం మందికి 208 రోజుల దాకా నొప్పి తిరగబెట్టలేదు. మిగతావాళ్లలో అది 112 రోజులే. పుట్టపర్తి నారాయణాచార్యులు అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూనే శివతాండవం కట్టారని ప్రొద్దుటూరులో చెప్పుకుంటారు. మనకు కావ్యం రాకపోయినా నడుముకు ప్రదక్షిణలు మంచివే.

ఇక మిగిలింది ఇల్లు. అత్త నీళ్ల బిందె ముట్టుకోగానే కోడలు పరుగున వచ్చి లాక్కుంటుంది. ప్రేమే, కాదనం. కానీ ఆ ప్రేమ అత్తకు చెప్పేది, ‘నీ నడుము పనికిరాదు’ అని. అందుకే రేపటి నుంచి బిందె ఆమెకే ఇవ్వండి, పావు వంతు నీళ్లతో. వారం పోయాక సగం. నొప్పి కాస్త ఎక్కువైతే ఆ పూటకు ఆగండి, మర్నాడు మళ్లీ ఎత్తనివ్వండి.